రేకు చెయ్యి

తన కుండ రాకపోతే తానూ రానని మంగాయమ్మ తెగేసి చెప్పింది. రేకులు తీసి చూపించమని పిలిచిన కాకినాడ పరిశోధనశాలలో కుండలుండవా అని కొడుకు త్రిమూర్తులు అడిగితే, "ఉంటాయిరా, నీళ్ళు తాగేవి" అంది. చివరికి ఆ పూతరేకుల కుండని పాత బొంతలో చుట్టి, ఆటో వెనక సీట్లో అత్తాకోడళ్ళ మధ్య కూర్చోబెట్టారు. ఆత్రేయపురం నుంచి కాకినాడ దాకా మంగాయమ్మ ఒక చెయ్యి దాని మీదే వేసి ఉంచింది. గతుకు వచ్చినప్పుడల్లా కుండని పట్టుకుంది గాని, కోడలిని పట్టుకోలేదు.

సత్యవేణి అది గమనించింది. బాధ కలగలేదు. ఏడాదిన్నరగా చాలా వాటికి ఆమెకు బాధ కలగడం లేదు. ఎడమ రొమ్ము తీసేశారు. ఆరు నెలలు మందు ఎక్కించారు. ఇరవై ఐదు రోజులు కరెంటు పెట్టారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, రింగులు రింగులుగా, ఎవరిదో అరువు తెచ్చి పెట్టుకున్నట్టు. జబ్బు పోయింది, ఇక బాగా బతకాలి అన్నారు పెద్ద డాక్టరు. బాగా బతకడానికి ఏమేం చెయ్యాలో ఒక కాగితం మీద రాసిచ్చారు. పొద్దున్నే ఒక మాత్ర, అరగంట నడక, వాపు రాకుండా ఎడమ చేతికి బిగుతు తొడుగు, ఆ చేతిని మంటకి దూరంగా ఉంచడం, ఆరు నెలలకోసారి పరీక్ష. సత్యవేణి అన్నీ చేస్తోంది. "ఎలాగున్నావే?" అని ఎవరైనా అడిగితే "బాగున్నాను" అంటోంది. ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది, అడగకముందే వచ్చేస్తుంది.

వేళ్ళ సంగతి మాత్రం ఆ కాగితంలో లేదు. మందు ఎక్కించే రోజుల్లో కొనల్లో మొదలైన తిమ్మిరి, మందు ఆపినా పోలేదు. తగ్గుతుందన్నారు, కొందరికి తగ్గదని కూడా అన్నారు. రవికె హుక్కు పెట్టుకుంటే హుక్కు తెలియదు. చిల్లర తీస్తే ఏ బిళ్ళో తెలియదు. రేకు తీయబోతే చిరిగిపోయేది.

రేకు తీయడమంటే అంత చిన్న పని కాదు. బోర్లించిన కుండ లోపల కొబ్బరాకు మంట, పైన నున్నగా కాగిన దాని వీపు. బాగా పలచగా కలిపిన బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, ఆ వీపు మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో పొర కడుతుంది. ముందు తీస్తే ముద్దవుతుంది, ఆలస్యమైతే పొడి అవుతుంది. మధ్యలో ఒక్క క్షణం ఉంటుంది. అది కంటికి ఆనదు, వేళ్ళకే తెలియాలంటారు. అది తెలిసిన చేతిని ఊళ్ళో రేకు చెయ్యి అంటారు. మంగాయమ్మది రేకు చెయ్యి. నలభై ఏళ్ళుగా కుండ ముందు ఆమెకు ఎదురులేదు. పెళ్ళయి వచ్చిన సత్యవేణి కూడా ఆమె పక్కనే రెండో కుండ పెట్టుకుని ఇరవై ఏళ్ళు రేకులు తీసింది. చెయ్యి తప్పినవాళ్ళు కుండ ముందు నుంచి లేచి, రేకుల్లో బెల్లం, నెయ్యి వేసి మడతలు పెట్టేవాళ్ళ వరసలో కూర్చుంటారు. ఎవరూ లెమ్మనరు. తమంతట తామే లేవాలి. సత్యవేణి లేచి ఏడాదయింది.

*

"ఇది కూడా రేకే అనుకోండి" అంది డాక్టర్ మెహరున్నీసా, గాజు పలక మీద నుంచి పట్టకారుతో ఒక పొరని ఎత్తి చూపిస్తూ. ఉల్లిపొర కన్నా పలచగా ఉంది. కిటికీ వెలుతురు దానిలోంచి ఇవతలికి వచ్చింది.

మంగాయమ్మ దగ్గరికి వంగి చూసింది. "అంచు మందంగా ఉందమ్మా" అంది.

డాక్టరు నవ్వింది. ఆమెకు నలభై ఉంటాయి. మాట నెమ్మది. ఈ పొర మీద పదేళ్ళు పనిచేసింది. దాన్ని వేలికొనకు అంటిస్తే వేడి, చలవ, ఒత్తిడి, గరుకు అన్నీ పసిగట్టి, మోచేతి పైన కట్టిన పట్టీకి చేరవేస్తుంది. పట్టీ ఆ కబురుని లోపలి నరానికి అందిస్తుంది, దానికి తగ్గట్టు వేళ్ళనీ కదిలిస్తుంది.

"మీ వేళ్ళ చివర తీగలు కాలిపోయాయి, సత్యవేణిగారూ. పైన తీగ బాగానే ఉంది. కాలిపోయిన చోటు దాటేసి పైదానికే చెబుతాం. కాకపోతే ఒక చిక్కుంది. పొరకి వేడి తగిలితే వేడి అని ఎలా చెప్పాలో దానికి తెలీదు. పిల్లకి మాటలు నేర్పినట్టు నేర్పాలి. మీ చేతికే తెలీదు, అది నేర్పలేదు. బాగా తెలిసిన చెయ్యి ఇంకోటి కావాలి. ఆ చెయ్యి నేర్పింది ఒక పటంలా దాచుకుని, తర్వాత మీకు పెడతాం."

బాగా తెలిసిన చెయ్యి అనగానే త్రిమూర్తులు తల్లి వైపు చూశాడు. మంగాయమ్మ తన కుడిచెయ్యి ఎడమచేతి కింద పెట్టుకుంది. తర్వాత తీసి బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ళు నేర్పాలేంటి?" అంది.

పదిహేను రోజులు నేర్పింది. కొబ్బరాకు మంట వేస్తే పొగకి గంటలు మోగుతాయని కరెంటు పొయ్యి పెట్టారు. "దీనికి ఊపిరి లేదు" అని తిట్టుకుంటూనే మంగాయమ్మ దాని మీద కుండ బోర్లించి, ఐదు వేళ్ళకూ పొర అంటించుకుని రేకులు తీసింది. పరిశోధనశాలలో అందరూ రేకులు తిన్నారు. మధ్యాహ్నాలు పరీక్షలు. చేతికీ కంటికీ మధ్య తెర కట్టి, కరుణ అనే అమ్మాయి అవతల నుంచి ఒక్కొక్కటి తాకిస్తుంది. ఏమిటో మంగాయమ్మ చెప్పాలి.

మొదటిరోజు కూర్చోగానే మంగాయమ్మ అంది, "అమ్మాయీ, ఆ ఫ్యాను ఆపు. చప్పుడు."

"చెమట పడుతుంది మామ్మగారూ."

"మంట ముందు పుట్టినదాన్ని. నాకేం చెమట."

ఫ్యాను ఆపారు. వేడి గ్లాసు. "వేడి." మంచుముక్క. "ఐసు." గోనెముక్క. "గరుకు, గోనె." పట్టు. ఇనప బిళ్ళ. నీళ్ళ గుడ్డ. వందకి తొంభై ఆరు సరిపోయాయి. సత్యవేణి ఒక మూల స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. అత్తగారు తల కొంచెం పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని చెబుతోంది. దేవుడి దగ్గర కూర్చున్నట్టుంది.

"ఇంత మంచి చెయ్యి మేం చూడలేదు" అంది డాక్టరు. తర్వాత కంప్యూటరు తెర మీద సన్నటి గీతలు చూసి కరుణతో అంది, "నరం నుంచి మాత్రం కబురు చాలా తక్కువ వస్తోంది. కాగి కాగి చర్మం మందమై ఉంటుంది. నరాన్ని అంతగా పట్టించుకోకు. ఆమె జవాబులనీ చెయ్యి కదిలే తీరునీ చూసి నేర్చుకోమని చెప్పు యంత్రానికి. జవాబులు తప్పడం లేదు కదా."

*

సత్యవేణికి పొర అంటించిన రోజు త్రిమూర్తులు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కరుణ ఆమె అరచేతిలో ఒక గుడ్డ పెట్టింది.

వేళ్ళు కదిలాయి. సత్యవేణి కదపలేదు. అవే గుడ్డ అంచుని వెతికి, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని నలిపాయి. చక్కగా, అనుభవంగా నలిపాయి. ఆమె ఎదురు చూసింది. ఏదో రావాలి. ఏమీ రాలేదు. మూసిన తలుపు అవతల ఎవరో పని చేసుకుంటున్నట్టుంది.

"తెలుస్తోందా?" అంది డాక్టరు.

డాక్టరు కళ్ళలో పదేళ్ళు ఉన్నాయి. త్రిమూర్తులు సీటు చివరికి జరిగి కూర్చున్నాడు. మంగాయమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తోంది.

"తెలుస్తోంది" అంది సత్యవేణి. బాగున్నాను అన్నంత తేలిగ్గా వచ్చింది.

తర్వాత పరీక్షల్లోనూ తప్పలేదు. వేడి తగిలితే వేళ్ళు ఒక రకంగా సర్దుకుంటాయి, చలవ తగిలితే ఇంకో రకంగా. తెర అవతల చెయ్యి కనపడకపోయినా ముంజేతిలో ఆ కదలిక తెలుస్తుంది, అది పట్టి చెప్పడం కష్టం కాదు. వందకి తొంభై వచ్చాయి. నెల రోజులు ఇంటి దగ్గర వాడి చూడమన్నారు. నెల తర్వాత అనుమతి ఇచ్చే పెద్దవాళ్ళు వచ్చి ఆమె చెయ్యి చూస్తారు. వాళ్ళు సరేనంటే ఇదే పటం, ఇలా వేళ్ళు తిమ్మిరెక్కిపోయిన మూడువందల పన్నెండు మంది ఆడవాళ్ళకి పెడతారు.

ఇంటికొచ్చిన మూడోరోజు సత్యవేణి కుండ ముందు కూర్చుంది. ఎడమచెయ్యి మంటకి దూరంగా పెట్టుకుని, కుడిచేత్తో గుడ్డ లాగింది. వేళ్ళు ఆగాయి. వెళ్ళాయి. రేకు నిలువునా, చిల్లి లేకుండా లేచి వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె అంత పలచటి రేకు తీయలేదు. పక్కింటి నాగరత్నం పిన్ని దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "మంగాయమ్మొదినా, నీ చెయ్యి కోడలికి వచ్చేసిందే. ఇంక నీకు పనేముంది, కాశీ పో" అంది. అందరూ నవ్వారు. మంగాయమ్మ నవ్వలేదు. మంటలోకి ఒక ఆకు తోసింది.

త్రిమూర్తులు ఆ సాయంత్రం ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. సత్యవేణి రోజుకి మూడువందల రేకులు తీసింది. చూస్తూ కూర్చునేది. చెయ్యి తీసేది.

కూతురు లాస్యకి పదమూడేళ్ళు. ఏడాది తర్వాత అమ్మ చేత జడ వేయించుకోవడానికి వచ్చి ముందు కూర్చుంది. వేళ్ళు మూడు పాయలు తీసి, బిగించి, చకచకా అల్లేశాయి.

"అమ్మా, నానమ్మ లాగినట్టు లాగుతున్నావు. నువ్వు ఇలా వేసేదానివి కాదు."

సత్యవేణి చేతిని ఆపబోయింది. అది జడ పూర్తిచేసి, రిబ్బను కట్టి, పిల్ల తల మీద ఒకటి తట్టింది. మంగాయమ్మ తట్టినట్టే.

స్నానం చేసేటప్పుడు ఒకసారి ఆ చెయ్యి ఛాతీ మీది మచ్చ దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. అక్కడ ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. నీళ్ళు పడుతుంటే గాల్లో అలాగే ఉండిపోయింది. సత్యవేణి ఎడమచేత్తో సబ్బు తీసుకుని రుద్దుకుంది. అక్కడా ఏమీ తెలియలేదు, కోత పడినప్పటి నుంచీ తెలియడం లేదు. అది కొత్త కాదు.

*

రెండో వారం పరీక్షకి వెళ్ళినప్పుడు, పరిశోధనశాల వరండాలో ఒక చిన్నపిల్లలాంటామె పక్కకొచ్చి కూర్చుంది. పేరు ఝాన్సీ, ఊరు తుని. ముప్ఫై కూడా ఉండవు. తలకి స్కార్ఫు కట్టుకుంది. మూడువందల పన్నెండు మందిలో ఆమెది ఐదో పేరట. ఒళ్ళో పది నెలల పాప నిద్రపోతోంది.

"మీరే కదక్కా, రేకులు తీసేది? నిజంగా తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అంది సత్యవేణి.

"దీనికి స్నానం చేయించడానికే అక్కా, నాకు. నీళ్ళు ఎంత వేడో తెలీట్లేదు. ప్రతిసారీ మా అత్తగార్ని పిలవాలి. ఆవిడ వచ్చి చెయ్యి పెట్టి చూసి, ఊఁ, పోసుకో అంటుంది. నా పిల్లకి నేను నీళ్ళు పోసుకోడానికి కూడా..." అంటూ ఆగి, పాప కాలు సర్దింది. ఆమె వేళ్ళు పాప కాలిని పట్టుకున్న తీరు సత్యవేణికి తెలుసు. ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలియనప్పుడు అలా పట్టుకుంటాం, అరచెయ్యంతా ఉపయోగించి.

"వచ్చేనెల నాకూ పెడతారంట" అంది ఝాన్సీ.

సత్యవేణి తల ఊపింది. లోపలి నుంచి పిలిస్తే వెళ్ళిపోయింది.

నెల నిండవస్తుండగా, ఒక పొద్దున్న లాస్య బడికి తయారవుతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. సత్యవేణి కుడిచెయ్యి చాపి, మసిగుడ్డ లేకుండానే పాలగిన్నె అంచు పట్టుకుని దించింది. వేళ్ళు తడబడలేదు, వణకలేదు. గిన్నెని ఎత్తి, గట్టు మీదికి తీసుకొచ్చి, అక్కడే పట్టుకుని నిలబడ్డాయి, చల్లటి చెంబుని పట్టుకున్నట్టు.

"అమ్మా, వదులు" అంది లాస్య. "అమ్మా, వాసనొస్తోంది."

అప్పుడు చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు. పొర చెక్కుచెదరలేదు. దాని కింద చర్మం తెల్లగా ఉబ్బింది. లాస్య గిన్నె లాగేసి, అమ్మ చేతిని కుళాయి కింద పెట్టి, ఏడుస్తూ నిలబడింది. సత్యవేణి నీళ్ళ వైపు చూస్తూ ఉంది. తనకి నొప్పి లేకపోవడం కాదు ఆమె ఆలోచిస్తున్నది. నొప్పి తనకి చాలా కాలంగా లేదు. ఈ చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకోలేదు? ఇది తన చెయ్యి కాదు కదా. అత్తగారిది, దేశంలోకెల్లా మంచి చెయ్యి కదా.

పిల్లని బడికి పంపాక మంగాయమ్మ కలబంద మట్ట చీల్చి తెచ్చి, ఎదురుగా పీట వేసుకుంది. పొరని మెల్లగా ఒలిచి, బొబ్బల మీద గుజ్జు రాసింది. రాస్తుంటే సత్యవేణి అత్తగారి వేళ్ళు చూసింది. బొటనవేలి మీద, చూపుడువేలి పక్కన, సరిగ్గా అదే చోట పాత మచ్చలు. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అంది.

మంగాయమ్మ రాస్తూనే ఉంది. "ఏంటి?"

"మీ వేళ్ళు."

కలబంద చుక్క నేల మీద పడింది. మంగాయమ్మ కొంగుతో తుడిచింది.

"నువ్వు కాపరానికొచ్చిన నాటికే సగం పోయేయి. తర్వాత మిగిలింది పోయింది. మంట తిన్నాదో, షుగరు తిన్నాదో."

"మరి రేకు?"

"చప్పుడు" అంది మంగాయమ్మ. "ఊడే ముందు ఒక చప్పుడవుతాది. ఎండిన అరిటాకు మీద చీమ నడిచినట్టు. అది వినగానే తియ్యడమే. వేళ్ళతో పనేముంది? ఇంట్లో రేడియో పెట్టనిచ్చేనా ఎప్పుడన్నా?"

పెట్టనివ్వలేదు. అత్తగారికి పాటలు గిట్టవని ఇరవై ఏళ్ళు అనుకున్నారు.

"అక్కడ తెర వెనక?"

"ఐసుముక్క గిన్నెలో గలగలమంటాది. గోనె బరమంటాది. వేడి గ్లాసయితే ఆ పిల్ల గుడ్డతో పట్టుకుంటాది, గాజులు గ్లాసుకి తగిలి చప్పుడు చెయ్యవు. చల్లదయితే చేస్తాయి."

పెరట్లో కాకి అరిచింది. మంగాయమ్మ కలబంద మట్ట పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"చెయ్యి తెలీట్లేదంటే కుండ ముందు నుంచి లేవాలి కదే. అప్పటికి ఆయన పోయి ఏడాది. లేస్తే నేనెవర్ని? ఒక్కసారి తెలుస్తోందన్నాను. ఇంక అదే అంటా వచ్చేను." కొంచెం ఆగి, "నీకూ తెలీట్లేదని నాకు మొదటిరోజే తెలుసు. నువ్వు తెలుస్తోందన్నావు. నేను క్యాలెండరు చూసుకున్నాను" అంది.

"ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తున్నారు అత్తయ్యా."

"ఊఁ."

"వాళ్ళు సరేనంటే, ఇదే పటం అందరికీ పెడతారు."

"నువ్వు కాదంటే నీ చెయ్యి తీసేసుకుంటారు. మడతల్లో కూర్చుంటావు. నేనూ కూర్చుంటాను. ఊరంతా వచ్చి చూస్తాది." మంగాయమ్మ లేచింది. "చెప్పకే. ఆళ్ళు పెద్ద చదువులోళ్ళు. ఆళ్ళే కనిపెడతార్లే."

*

పరీక్ష గదిలో ఆ రోజు ఐదుగురు కొత్తవాళ్ళున్నారు. కోట్లు, ఫైళ్ళు. డాక్టర్ మెహరున్నీసా మామూలు కన్నా నెమ్మదిగా మాట్లాడుతోంది. త్రిమూర్తులు గోడ పక్కన నిలబడ్డాడు, మంగాయమ్మ కుర్చీలో కూర్చుంది. తలుపు అద్దంలోంచి వరండా కనిపిస్తోంది. ఝాన్సీ పాపని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

సత్యవేణి వేళ్ళకి కట్టు ఉంది. పాలగిన్నె పొరపాటున పట్టుకున్నానని చెప్పింది. మిగతా మూడు వేళ్ళతో చెయ్యమన్నారు. తెర కట్టారు. కరుణ అవతల నుంచి ఏదో తాకించింది. ముంజేతిలో చిన్న కదలిక. మధ్యవేలు కొంచెం వంగినట్టుంది. వేడి అయితే అలా వంగుతుంది. వేడి అంటే చాలు. ఒక మాట.

పాప ఏడుపు వినిపించింది. వరండాలో ఝాన్సీ దాన్ని అరచెయ్యంతా పెట్టి పట్టుకుంది.

"తెలియట్లేదు" అంది సత్యవేణి.

"ఇంకోసారి పెట్టమంటారా?" అంది డాక్టరు.

"పెట్టినా తెలియదండి. మొదటి నుంచీ తెలియలేదు. ముంజేతిలో కదలిక పట్టి చెప్పేను."

ఎవరో కాగితం తిప్పడం ఆపారు. త్రిమూర్తులు "సత్యా" అన్నాడు, మెల్లగా, పక్కింటివాళ్ళకి వినపడకూడదన్నట్టు. ఆమె అతని వైపు చూడలేదు.

డాక్టరు ముఖంలో రంగు పోయింది. అయినా కోట్లవాళ్ళ వైపు తిరిగి చెప్పింది. "ఈమె నరం అందుకోవడం లేదు కాబోలు. పటంలో లోపం లేదు. నేర్పిన చెయ్యి తొంభై ఆరు తెచ్చుకుంది. ఇంకొకరికి పెట్టి చూద్దాం. తర్వాత పేరు..."

"పటంలోనే ఉందండి లోపం" అంది సత్యవేణి.

"మీకెలా తెలుసు?"

దానికి ఒక్కటే జవాబుంది. అది ఆమె కుర్చీకి నాలుగడుగుల దూరంలో తెల్లచీర కట్టుకుని కూర్చుని ఉంది. సత్యవేణి బల్ల వైపు చూసింది. కట్టు కట్టిన తన వేళ్ళ వైపు చూసింది. గదిలో అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు.

కుర్చీ కిర్రుమంది. మంగాయమ్మ లేచి, మోకాళ్ళు పట్టుకుని, అంత దూరమూ నడిచి వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"లేమ్మా" అంది. సత్యవేణి లేచింది. మంగాయమ్మ ఆ కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి తెర కిందికి పోనిచ్చింది.

"అమ్మాయీ" అంది కరుణతో. "ఆ ఫ్యాను వెయ్యి."

కరుణ డాక్టరు వైపు చూసింది.

"వెయ్యమ్మా. ఎంతుంటే అంత."

ఫ్యాను తిరిగింది. పాతది, రెక్క తగిలి టకటకమంటోంది. కాగితాలు ఎగిరితే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. కరుణ ఏదో తీసి మంగాయమ్మ వేళ్ళకి తాకించింది. మంగాయమ్మ అలవాటుగా తల పక్కకి వాల్చింది. చాలాసేపు అలాగే ఉంది.

"తెలీదు" అంది.

ఇంకొకటి తాకించింది.

"తెలీదమ్మా."

మూడోసారి కరుణ తాకించలేదు. ఆమె చేతిలో ఐసుముక్క కరిగి మోచేతి దాకా కారుతోంది. డాక్టరు వచ్చి తెర పక్కకి లాగింది. మంగాయమ్మ చెయ్యి పట్టుకుని, వెల్లకిలా తిప్పి, ఒక్కొక్క వేలూ చూసింది. మచ్చల మీద మచ్చలు.

"నేనే చూడాల్సింది" అంది డాక్టరు. "గీతలు సన్నగా వస్తూనే ఉన్నాయి. తొంభై ఆరు చూసి నమ్మేశాను."

*

పొర, పట్టీ తిరిగి ఇచ్చేశారు. కోట్లవాళ్ళు వెళ్ళిపోయారు. పదేళ్ళ పని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని, మందు ఎక్కించక ముందే ఎవరి వేళ్ళతో వాళ్ళ పటం తీసి దాచుకోవాలని డాక్టరు కరుణకి చెబుతోంది. ఇప్పటికే ఎక్కించుకున్నవాళ్ళ సంగతి కరుణ అడిగింది. డాక్టరు ఆ మూడువందల పన్నెండు పేర్ల కాగితం మడిచి ఫైల్లో పెట్టింది.

వరండాలో ఝాన్సీ ఎదురొచ్చింది. ఆమెకి అప్పటికే ఎవరో చెప్పారు.

"తెలుస్తోందన్నారు కదక్కా" అంది. కోపంగా అనలేదు.

"అబద్ధం చెప్పేను" అంది సత్యవేణి. పాపని చూసింది. తర్వాత ఎడమచేత్తో ఝాన్సీ కుడి మోచెయ్యి పట్టుకుంది. "ఇక్కడ తెలుస్తోందా?"

ఝాన్సీ ఆలోచించింది. "తెలుస్తోంది."

"నీళ్ళలో ఇది ముంచి చూడు. వేళ్ళని నమ్మకు. ఎవర్నీ పిలవక్కర్లేదు."

ఝాన్సీ తన మోచెయ్యి వైపు, అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూసుకుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో కుండ మళ్ళీ మధ్యలో కూర్చుంది. త్రిమూర్తులు సామర్లకోట దాటేదాకా రోడ్డు వైపే చూశాడు. తర్వాత "నాకు చెప్పొచ్చు కదా" అన్నాడు, ఇద్దరిలో ఎవరితోనో. రావులపాలెం ముందు పెద్ద గుంటలో చక్రం పడింది. మంగాయమ్మ చెయ్యి కుండ మీద నుంచి జారి సత్యవేణి ముంజేతి మీద పడింది. అక్కడే ఉంది. ఆ పట్టు ఎంత గట్టిదో పట్టుకున్నామెకు తెలియదు. ముంజెయ్యి కాబట్టి సత్యవేణికి తెలిసింది.

పది రోజులకి బొబ్బలు మానాయి. పదకొండోరోజు పొద్దున్న మంగాయమ్మ రెండో కుండ కూడా బోర్లించి, కోడలిని పిలిచింది. లాస్యని టీవీ కట్టెయ్యమంది. నాగరత్నం పిన్ని గోడ మీదుగా తొంగి చూసింది. ఊళ్ళో విషయం తెలియనివాళ్ళు లేరు.

"ఎలాగున్నావే సత్యవేణీ, వంట్లో?"

బాగున్నాను అన్న మాట నోటి దాకా వచ్చింది. సత్యవేణి దాన్ని ఒక నిమిషం అక్కడే ఉంచింది.

"వేళ్ళకి తెలీదు పిన్నీ. ఛాతీ మీదా తెలీదు. ఎడంచెయ్యి సాయంత్రానికి బరువెక్కుతోంది. తిండి తింటున్నాను."

నాగరత్నం పిన్ని గోడ మీద చేతులు ఆనించింది. "మా అక్కకీ అంతే" అంది చివరికి. "ఎవరికీ చెప్పుకోలేదు."

"ఇంక కాసేపు మాటలాపండి" అంది మంగాయమ్మ.

సత్యవేణి గుడ్డ ముంచి లాగింది. కళ్ళు మూసుకుంది. కొబ్బరాకు చిటపటలాడింది. దూరంగా కాలవ గట్టు మీద బండి వెళ్ళింది. ఏదో విన్నాననుకుని చెయ్యి చాపింది. రేకు ముద్దయి వేళ్ళకి అంటుకుంది.

"తొందర" అంది మంగాయమ్మ.

రెండోది పొడి అయింది. మూడోది సగం వచ్చింది. పదకొండోది, పన్నెండోది. లాస్య గుమ్మంలో పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పకుండా నిలబడింది. మంగాయమ్మ తన కుండ మీద పని ఆపేసి, మంట తగ్గించి, తల పక్కకి వాల్చింది. సత్యవేణి కూడా వాల్చింది.

అప్పుడు మంట చప్పుడు కింద నుంచి, ఎక్కడో చాలా చిన్నగా, ఎండుటాకు మీద చీమ నడిచింది.